ఎక్కిన మనిషి గొంతు

రైలు కోటబొమ్మాళిలో ఎందుకు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు, అడిగినవాళ్లూ లేరు, పాసింజరు బండికి ఆగడం కూడా ప్రయాణంలో భాగమేనన్నట్టు జనం చెప్పులు విప్పి కాళ్లు పైకి మడుచుకుని కూర్చున్నారు. నూకరత్నం కిటికీ ఊచకు తల ఆనించి, కుడి చెవిలో తీగ పెట్టుకుని, ఒళ్లోని చేతిసంచిలో ఉన్న నల్లటి చిన్న పెట్టె మీద బొటనవేలు ఉంచి, అందులోంచి వచ్చే గరగరలో ఒక గొంతు కోసం వింటోంది. గరగర ఉంది, గొంతు లేదు. ఉండదు, ఇంత దూరం నుంచి ఇనుప రైలుపెట్టెలోకి ఎలా వస్తుంది, ఇంట్లో అయితే డాబా మీద కర్రకు ఏరియల్ కట్టి ఉంది కాబట్టి వస్తుంది, ఇప్పుడు బండి కదలాలి, నౌపడ దాటాలి, ఉప్పుమళ్లు దాటాలి, అప్పుడు వస్తుంది. ఈలోగా ఆయన మాట్లాడేస్తాడేమో, మాట్లాడాల్సినవన్నీ మాట్లాడేసి వైర్‌లెస్ సెట్టు ఇంకొకరి చేతిలో పెట్టేస్తాడేమో. ఈ రోజు కామేశ్వరరావు గారి ఆఖరి డ్యూటీ. నెలాఖరు, ఈ మధ్యాహ్నం షిఫ్టు దిగితే ఇక సరుగుడుపుట్టుగ సబ్‌స్టేషన్ మెట్లు ఎక్కడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఈ పెట్టెలోనే విన్నది, లైన్‌మన్‌లు తమలో తాము అనుకుంటుండగా, శాలువా ఎవరు తేవాలి, పకోడీ ఎక్కడ వేయించాలి, ఆయన ఉల్లిపాయ తింటాడా తినడా అని. తినడని తేలింది. ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆయనకు ఆమె ఎవరో తెలియదు. అయినా ఆయన్ని ఒక్క మాట అడగడానికి హాస్టల్ వార్డెనుతో జ్వరమని అబద్ధం చెప్పి, వంట ఇంకొకరికి అప్పజెప్పి, ఈ బండి ఎక్కింది. మాట చిన్నదే. ఆ రోజు మా ఆయన మిమ్మల్ని అడిగి స్తంభం ఎక్కాడా, అడక్కుండా ఎక్కాడా. అంతే.

పెట్టె తమ్ముడు ఇచ్చింది. ఢిల్లీబాబు భావనపాడులో పడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తాడు, భర్త ఎల్లాజీ పోయాక ఆమె మంచం దిగకుండా గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో, ఏదో ఒకటి వినిపిస్తే లేస్తుందనుకున్నాడో ఏమో, దీన్ని తెచ్చి తలగడ పక్కన పెట్టాడు. “ఇది స్కానరు. ఇనడమే అక్కా, మాటాడ్డం ఉండదు. ఎవులికీ సెప్పకు,” అన్నాడు. ముందు పడవల వాళ్ల కేకలు విన్నది, వలల సంగతులు, గాలి సంగతులు, ఎవడో ఎవడినో తిట్టడం, అవన్నీ తనకు సంబంధం లేని లోకం నుంచి వస్తున్నాయి కాబట్టి వినడం సుఖంగా ఉండేది. తిప్పుతూ తిప్పుతూ ఉంటే ఒక రోజు ‘లైన్ క్లియర్’ అన్న మాట వినపడింది, వేలు ఆగిపోయింది. ఎల్లాజీ అన్నం తింటూ చెప్పే మాట అది. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌ను అడగాలి, వాళ్లు ఆ లైన్లో కరెంటు ఆపి ఇచ్చామనాలి, పనయ్యాక అందరూ దిగి తిరిగి అప్పజెప్పాలి, అప్పుడు మళ్లీ కరెంటు వదులుతారు, దాన్నే చార్జ్ చేయడమంటారు, అదీ లైన్ క్లియర్ అంటే. మొదట్లో పళ్లు బిగబట్టి విన్నది, ఆ మాటల మధ్య ఎక్కడో తన మనిషిని చంపిన మాట ఇరుక్కుని ఉంటుందని. దొరకలేదు. కోపం ఏ రోజు పోయిందో గుర్తు లేదు, అదీ ఒక రోజు చెప్పకుండా వెళ్లిపోయింది. ఇప్పుడు బియ్యం కడుగుతూ వింటుంది, మిగతావాళ్లు సీరియల్ వింటున్నట్టు. ఎవరికి దగ్గు, ఎవరికి కొత్తగా పిల్ల పుట్టింది, ఏ ఊరి దగ్గర స్తంభం మీది పింగాణీ పేలింది, అన్నీ తెలుసు. మందసలో వాన మొదలైందని ఇక్కడ మబ్బు పట్టకముందే తెలుసు. వీధిలో కరెంటు పోతే పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూసి ఎప్పుడొస్తాదని అడుగుతారు, ఆమె చెబుతుంది, ఇంచుమించు చెప్పినట్టే వస్తుంది, డిపార్ట్‌మెంటులో ఆమెకు ఎవరో ఉన్నారని వాళ్ల అనుమానం.

బండి ఒక్కసారి ఉలిక్కిపడి కదిలింది. ఎదురుగా ఎండుచేపల తట్ట కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న ముసలామె, చాలాసేపటి నుంచి ఈమె చెవిలోకే చూస్తోంది.

“పాటలేటమ్మా?”

“కాదే అప్పా. మాటలు.”

“ఎవులియి?”

“కరెంటోలియి.”

ముసలామె ఆ జవాబును కాసేపు నోట్లో వేసుకుని నమిలినట్టు చూసింది. “మా ఊర్లోనైతే తుపానులో పోయిన కరెంటు నెల్లాళ్లకి గాని రాలేదు. అప్పుడు మాటాడితే బాగుండును,” అని, తట్ట మీద గుడ్డ సర్దుకుని, పేరు దాలమ్మ అని అడక్కుండానే చెప్పి, కళ్లు మూసుకుంది.

ఆ తుపానే. నూకరత్నం బయటికి చూసింది, చేలల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి, వరి పొట్ట మీద ఉంది, కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి బండి పోవడం గమనించనే లేదు. ఆ తుపాను మర్నాడు ఉద్దానం ఊళ్లు గుర్తుపట్టలేనట్టయ్యాయి, కొబ్బరిచెట్లు తలలు తెగి మొండాలు నిలబడ్డాయి, జీడితోటలు వేళ్లు పైకి పెట్టి పడుకున్నాయి, మామ వెళ్లి తమ తోటలో ఒక్కొక్క చెట్టునీ చేత్తో తాకి వచ్చాడు, వచ్చి అన్నం వద్దన్నాడు. ఎల్లాజీకి మాత్రం చెట్లకేసి చూసే తీరిక లేదు. కాంట్రాక్టు లైన్‌మన్, పర్మనెంటు అవుతాడని అందరూ అనేవారు. పొద్దున్నే వెళితే రాత్రికి ఒంటినిండా తాటిపీచు, బురద, వచ్చి అరుగు మీదే నిద్రపోయేవాడు. ఊరి చివర లైన్‌కు కరెంటు ఎక్కించేస్తే అయిపోతుంది అన్న రోజునే పోయాడు. పొలం గట్టు మీద స్తంభం, పైన ఆయన, ఉన్నట్టుండి లైన్లోకి కరెంటు. కబురు తెచ్చిన మనిషి సైకిల్ దిగకుండానే చెప్పాడు. ఆ సైకిల్ ముందు చక్రానికి కొబ్బరిమట్ట ఇరుక్కుని ఉంది, అది తిరుగుతున్నంతసేపూ చప్పుడు చేసి ఉంటుంది గదా, ఆ చప్పుడు తనకెందుకు వినపడలేదని ఆమె ఆ రోజు ఆలోచించింది. మనిషి పోయాడని చెబుతుంటే చక్రం సంగతి ఆలోచించింది. తర్వాత ఎంక్వైరీ అన్నారు. ఒక పెద్దాయన వచ్చి తెలుగులో చదివి వినిపించాడు, అనుమతి తీసుకోకుండా తొందరపడి స్తంభం ఎక్కడం వల్ల, సొంత నిర్లక్ష్యం వల్ల అని. ఆ షిఫ్టులో సబ్‌స్టేషన్ ఆపరేటరు కామేశ్వరరావు, లైన్ ఇన్‌స్పెక్టరు బాబూరావు అని ఆ పేర్లూ చదివాడు. పేర్లు గుర్తుండిపోయాయి, మిగతావన్నీ నీళ్లలా పోయాయి.

తొందరపడి అన్న మాటే ఇంట్లో పాతుకుపోయింది. అత్త అంది, చుట్టాలు అన్నారు, ఊరు వదిలి కోటబొమ్మాళి వచ్చి హాస్టల్ వంటలో కుదిరాక ఆమె కూడా అంది. తనూజ చిన్నప్పుడు పాలగిన్నె ఒలకబోస్తే అయ్య పోలికే అన్నారు, సైకిల్ మీంచి పడితే అయ్య పోలికే అన్నారు. ఆ పిల్ల ఇప్పుడు టెక్కలిలో పాలిటెక్నిక్ చదువుతోంది, అడుగు వేసే ముందు రెండుసార్లు చూసుకునే పిల్లయింది, పరీక్ష పేపర్ మూడుసార్లు దిద్దుకుంటుంది, రోడ్డు దాటాలంటే ఖాళీ రోడ్డు మీద కూడా నిలబడి ఉంటుంది. మొన్న దసరా సెలవులు ఎప్పుడో చెప్పడానికి ఫోన్ చేసి, మాటల మధ్యలో, నాన్న కొంచెం ఆగుంటే సరిపోయేది కదమ్మా అంది. అంతే అంది. ఫోన్ పెట్టేశాక నూకరత్నం పొయ్యి దగ్గర నిలబడి ఎల్లాజీ తొందరపడిన సందర్భాలు గుర్తు చేసుకోబోయింది, రైలు కోసం పరిగెత్తడం, వేడి చారు తాగి నాలుక కాల్చుకోవడం, అవి రెండే వచ్చాయి, మూడోది ఎంత వెతికినా రాలేదు. అప్పుడు పెట్టెలో రిటైర్మెంటు మాటలు వినపడ్డాయి. పోయి అడగాలనిపించింది. ఇన్నేళ్లలో ఎందుకు అనిపించలేదో తెలియదు. వింటూ ఉంటే అడగాల్సిన పని లేదనిపిస్తుంది కాబోలు.

నౌపడలో ఎక్కినవాళ్లు తడిగొడుగులతో ఎక్కారు. ఉప్పుమళ్ల మీద వెలుతురు తెల్లగా, అటు సముద్రం వైపు ఆకాశం సీసం రంగులో, గాలి లేచింది. గరగరలో ఏదో కదిలింది. ముందు మాట కాదు, మాట ఊపిరి, తర్వాత ముక్కలు, ఫీడరు, కొమ్మ, రెండో స్తంభం, ఆ తర్వాత పక్క గదిలోంచి పిలిచినంత స్పష్టంగా ఆయన. కామేశ్వరరావు గొంతు బరువుగా, నిదానంగా ఉంటుంది, ప్రతి మాటనూ చివరిదాకా పలుకుతాడు, పురోహితుల ఇంటి మనిషని ఇట్టే తెలుస్తుంది. ఆ గొంతుకు తగ్గట్టు ఆమె ఒక మనిషిని తయారు చేసుకుంది, పొడుగు, వెడల్పు ఛాతీ, తెల్లజుట్టు. నిజం చెప్పాలంటే ఇప్పుడు ఎల్లాజీ గొంతు కన్నా ఈ గొంతే ఆమెకు బాగా తెలుసు. ఎల్లాజీ గొంతు ఎలా ఉండేదో మాటల్లో చెప్పగలదు గాని చెవిలో తెచ్చుకోలేదు, సన్నగా ఉండేది, కొంచెం ముక్కుతో, అని చెప్పుకుంటుంది, చెప్పుకోవడమే, వినపడదు. అప్పట్లో కాంట్రాక్టు వాళ్లకు సెట్లు ఇచ్చేవారు కాదు. ఫోన్లో ఫొటోలు ఉన్నాయి, గొంతు లేదు.

సముద్రం గాలికి సరుగుడు కొమ్మ విరిగి తీగల మీద పడింది, అదీ సంగతి. కొమ్మ తీయడానికి మనుషులు ఎక్కారు, లైన్ ఆగి ఉంది. ఎక్కినవాళ్ల వైపు నుంచి మాట్లాడుతున్నది బాబూరావు. ఆ గొంతూ ఆమెకు తెలుసు, హుషారైన గొంతు, అందరితోనూ వేళాకోళం ఆడే గొంతు, ఎంక్వైరీలో చదివిన పేరు అతనిదేనని తెలిసి కూడా ఆమెకు ఆ వేళాకోళాలకు చాలాసార్లు నవ్వొచ్చింది. నవ్వడం తప్పు కదా అని మొదట్లో అనుకునేది, తర్వాత అనుకోవడం మానేసింది.

“సబ్‌స్టేషన్, బాబూరావుని. కొమ్మ తీసీసినాం. అందరూ దిగిపోనారు. లైన్ క్లియర్ రిటర్నండి, చార్జ్ చేసీండి.”

“ఎక్కింది ఎవరు?”

“లోకనాథండి.”

“లోకనాథ్ గొంతు వినిపించు.”

నూకరత్నం కిటికీ ఊచ మీంచి తల ఎత్తకుండానే, ఇదిగో మొదలుపెట్టాడు అనుకుంది. ఇది కామేశ్వరరావుకున్న అలవాటు. మిగతా సబ్‌స్టేషన్లలో రిటర్న్ అనగానే సరే అంటారు, కరెంటు వదులుతారు. ఈయన మాత్రం ఎక్కిన మనిషి సెట్టు దగ్గరికొచ్చి తన నోటితో తాను దిగానని చెబితే గాని వదలడు. వానలో అయినా, ఎండలో అయినా, ఎవరు తిట్టుకున్నా. లైన్‌మన్‌లు ఈయన డ్యూటీలో ఉన్నాడంటేనే ఉసూరుమనేవారు. ఆమె కూడా దాన్ని పంతులు గారి చాదస్తం కిందే జమకట్టింది, మడి లాంటిదని, ఇంత వయసు వచ్చాక మారదని, ఎప్పుడూ దాని వెనక్కి వెళ్లి చూడలేదు.

“లోకనాథ్ అవతల గట్టు మీదున్నాడండి, బురద, రావాలంటే సేనా సేపు. ఇక్కడ ఏఈ గారు ఫోన్ మీద ఫోను. ఈ రోజన్నా ఒగ్గీండి బాబూ ఆ సాదస్తం. ఆఖరి రోజు గదా.”

“రానీ. ఆగుతాను.”

“ఎల్లాజీ పోయిన కాడినుంచి ఇదే గోలండి మాకు.”

పేరు చెవిలో పడింది. ఆమె చూపు దాలమ్మ తట్ట మీద ఉంది, గుడ్డ అంచున ఒక చేప తోక బయటికొచ్చి ఉంది, ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఎల్లాజీ అన్నారు. ఇన్నేళ్లుగా వింటోంది, ఈ పెట్టెలోంచి ఆ పేరు ఒక్కసారి కూడా రాలేదు. సెట్టులో ఏమీ రావడం లేదు, గరగర కూడా తగ్గింది, అంటే ఎవరో మీట నొక్కి పట్టుకుని మాట్లాడకుండా ఉన్నారు. తర్వాత కామేశ్వరరావు, అంతకు ముందు మాట్లాడిన గొంతుతోనే, హెచ్చలేదు తగ్గలేదు.

“అప్పుడూ నువ్వు ఇలాగే అన్నావు బాబూరావూ. అందరూ దిగిపోయారన్నావు. ఎల్లాజీకి లైన్ క్లియర్ కావాలని నువ్వే అడిగావు, నేను ఇచ్చాను. అతను ఎక్కాడు. దిగాడని చెప్పింది నువ్వు. నమ్మి చార్జ్ చేసింది నేను. లోకనాథ్ గొంతు వినిపించు.”

ఆ సెట్ల మీద ఎంతమంది ఉంటారో ఆమెకు తెలుసు, పూండి వైపు వాళ్లు, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లు, జీపులో ఉన్నవాళ్లు, రూముల్లో ఉన్నవాళ్లు, ఎప్పుడూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడే వాళ్లంతా ఊరుకున్నారు. పల్లీలమ్మే కుర్రాడు రైలుపెట్టెలో ఈ చివర నుంచి ఆ చివరకు అరుచుకుంటూ పోయాడు. బండి చిన్న వంతెన దాటింది, చప్పుడు మారింది, మళ్లీ మామూలైంది. అప్పుడు రొప్పుతూ ఒక పడుచు గొంతు వచ్చింది.

“లోకనాథ్నండి. దిగిపోనాను సార్. గట్టు మీదున్నాను. మనిషెవ్వడూ పైన లేడండి.”

“మంచిది నాయనా. చార్జ్ చేస్తున్నాను.”

ఏడుపు వస్తుందేమోనని నూకరత్నం కాసేపు ఎదురు చూసింది. రాలేదు. ఆకలి వేసింది, అదొక్కటే తెలిసింది. అడగాలని బయల్దేరిన మాటకు జవాబు దారిలోనే వచ్చేసింది, తన కోసం కాదు, ఎవరో ఎవరితోనో అంటుంటే, ఎప్పటిలాగే పక్కనుంచి. అయితే అడిగే ఎక్కాడు. అయితే తొందరపడలేదు. అసలు ఎల్లాజీ తొందరపడటం ఏమిటి, ఎవరు చెప్పారు, ఎందుకు నమ్మింది, ఆయన లుంగీ కట్టుకుంటే చూసేవాళ్లకు విసుగు పుట్టేది, అంచు సరిగ్గా వచ్చిందాకా విప్పి కట్టి విప్పి కట్టి. చేప తింటే ముల్లు ముల్లూ కంచం అంచున వరసగా పేర్చేవాడు, అందరూ చేతులు కడుక్కుని లేచాక కూడా కంచం ముందే ఉండేవాడు, వాళ్లమ్మ నీ మొగుడు పెళ్లికి పోతే పీటల మీదికి కాదే పదహారు రోజుల పండగకు చేరతాడు అనేది. ఆ అమ్మే తర్వాత తొందరపాటు అంది. తనూ అంది. రైలు కోసం పరిగెత్తింది నిజమే, కాని ఆలస్యంగా బయల్దేరితేనే కదా పరిగెత్తేది. ఇన్నేళ్లుగా ఆయన నెమ్మదితనం ఎక్కడికి పోయింది, ఎవరూ తీసుకుపోలేదు, ఎంక్వైరీ పెద్దాయన చదివిన ఒక్క మాట పక్కన నిలబడలేక అదే ఎటో వెళ్లి కూర్చుంది. ఇప్పుడు ఒక్కొక్కటీ వస్తున్నాయి, పిలవకుండానే, చొక్కా మడత పెట్టడం, బీడీ ముట్టించుకునే ముందు గాలి ఎటు ఉందో చూడటం, తనూజకు చెప్పులు తొడిగేటప్పుడు బకిల్ ఏ రంధ్రానికి పెట్టాలో ఆలోచించడం, పిల్ల నాన్నా బేగి నాన్నా అని కాళ్లు కొట్టుకోవడం. ఆ పిల్లకు అది గుర్తుండదు. ఆ పిల్లకు గుర్తున్నది మనం పెట్టిందే.

కామేశ్వరరావు మీద కోపం తెచ్చుకోవాలనుకుంది. తెలిసి ఊరుకున్నాడు. ఎంక్వైరీ కాగితం మీద సంతకం పెట్టి ఉంటాడు. పిల్లలు, ఉద్యోగం, ఏవో ఉండి ఉంటాయి. కోపం కొంచెం వచ్చింది, వచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూసింది. ఎందుకంటే ఆ మనిషి ఆ రోజు నుంచి ఎక్కిన మనిషి గొంతు వినకుండా ఒక్కసారీ కరెంటు వదల్లేదు, దానికి ఆమే సాక్షి, ఈ లోకంలో ఇంకెవరూ అన్ని రోజులు కూర్చుని విని ఉండరు. రెండూ నిజమే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది, ఒకటి ఇంకొకదాన్ని చెరపడం లేదు. బండి పూండి హోం సిగ్నల్ దగ్గర మళ్లీ ఆగింది. దాలమ్మ కళ్లు తెరిచి, “ఏటమ్మా, కరెంటోలేటన్నారు?” అంది. “వదిలీసినారే అప్పా,” అంది నూకరత్నం. “అలాగా,” అంది దాలమ్మ, తృప్తిగా.

స్టేషన్ బయట ఆటో దొరికింది. తోటల మధ్య రోడ్డు, ఆమె ఆ వైపు వచ్చి ఎన్నాళ్లయిందో, జీడిచెట్లు మళ్లీ నడుమెత్తు దాటి పెరిగాయి, కొత్తగా వేసిన కొబ్బరి కూడా కాపుకొచ్చింది, ఏ చెట్టు ఎక్కడ పడిందో చెప్పడానికి ఇప్పుడు వీల్లేదు. చెవిలో తీగ తీసి సంచిలో వేసుకుంది. సబ్‌స్టేషన్ గేటు తీసే ఉంది. రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి, పకోడీ ప్లేట్లు మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ఎవరూ ముట్టలేదు. నలుగురైదుగురు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. బాబూరావు రాలేదని ఎవరో అంటున్నారు. లోపలి గదిలోంచి సెట్టు మీద కొత్త గొంతు, ఆడపిల్లది, ఎవరికో జవాబు చెబుతోంది, అంటే డ్యూటీ చేతులు మారిపోయింది. మెడలో దండ, భుజాన శాలువాతో ఒక పొట్టి మనిషి, బక్కగా, మందపాటి కళ్లద్దాలతో, మెట్ల పక్కన నిలబడి ఉన్నాడు. ఈయన కాదు అనుకుంది. ఆయన తలెత్తి, “ఎవరు కావాలమ్మా?” అన్నాడు. ఆ గొంతే. అంత గొంతు ఆ చిన్న ఛాతీలోంచి రావడం చూస్తే ఆమెకు ఎవరో మోసం చేసినట్టనిపించింది.

“నాను ఎల్లాజీ పెళ్లాన్నండి బాబూ.”

ఆయన చెయ్యి దండ మీదికి వెళ్లింది, తీయబోయి, తల దగ్గర చిక్కుకుంటే అలాగే వదిలేశాడు.

“ఇందాక బాబూరావుతో మీరన్న మాట ఇన్నాను. రైల్లో.” సంచి తెరిచి పెట్టె చూపించింది. ఆయన దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. నిలబడ్డవాళ్లలో ఒకతను కుర్చీ వెనక్కి జరిగాడు.

“నానేటీ అడగనండి. మా గుంట తనూజ ఉంది. దానికి ఆ మాట మీ నోటితో సెప్పాల.” ఫోన్ తీసి నొక్కి ఆయన చేతికిచ్చింది. స్పీకరు పెట్టడం మర్చిపోలేదు. అవతల రెండుసార్లు మోగి, గుసగుసగా తనూజ, “అమ్మా, క్లాసులో ఉన్నాను, ఏటి?” అంది.

“అమ్మా, నా పేరు కామేశ్వరరావు. సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ని. ఈ రోజుతో రిటైరయ్యాను. మీ నాన్నగారు లైన్ క్లియర్ లేకుండా ఎక్కలేదమ్మా. ఇచ్చింది నేనే. అతను పైన ఉండగా దిగిపోయాడని నాకు చెప్పారు, నేను అతని గొంతు అడగలేదు, చార్జ్ చేశాను. ఎంక్వైరీలో మరోలా రాశారు. నేను ఊరుకున్నాను.”

అవతల బెంచీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు, తర్వాత వరండాలో గాలి. లోపల కొత్త అమ్మాయి మాట్లాడటం ఆపింది.

“మరి ఇన్నేళ్లూ ఎందుకు సెప్పలేదండి?” అంది తనూజ.

నూకరత్నం ఆ ప్రశ్న అడగాలని అనుకోలేదు, అది తట్టనైనా తట్టలేదు. ఆయన ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“భయపడ్డానమ్మా.”

“అమ్మకియ్యండి.”

ఫోన్ చేతికి రాగానే నూకరత్నం చెవికి ఆనించుకుంది, అవతల పిల్ల ఏడుస్తోందో లేదో వినాలని, అలవాటైన చెవి కదా, ఊపిరి బట్టి తెలుసుకోగలదు. ఏడవడం లేదు. మెట్లు దిగుతోంది, రెండేసి మెట్లు. “అమ్మా, ఎక్కడున్నావు? పూండిలోనా? నాను బస్సెక్కుతన్నాను. ఆయన్ని ఎల్లనీకు. ఆ మాట డివిజన్ ఆఫీసుకెళ్లి సెప్పాల ఆయన, నా ముందర సెప్పాల. ఎల్లనీకమ్మా, ఇన్నావా?”

విన్నానంది. ఫోన్ సంచిలో వేసుకుంది. షెడ్డు కిందికెళ్లి ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి, నీడ ఎటు పడుతోందో చూసి, ఆ వైపుకు తిప్పి వేసింది.

“కూకోండి బాబూ,” అంది. “మా అమ్మాయి వత్తంది.”

ఆయన కూర్చున్నాడు. ఆమె పకోడీ ప్లేటు మూత తీసి, రెండు తీసుకుని, కుర్చీ పక్కనే మెట్టు మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది.